గ్రాఫ్లెక్స్ లైట్‌సేబర్ పిడి: కిట్‌లో ఉంచుకోవాల్సినది ఏది, పక్కన పెట్టాల్సినది ఏది

‘స్టార్ వార్స్’ మొదటి చిత్రంలో ల్యూక్ స్కైవాకర్ చేతికి వచ్చే లైట్‌సేబర్‌కు, అంటే వెలుగే అలుగుగా ఉండే కత్తికి, బజారులో చాలా రకాల రెప్లికాలున్నాయి. బటన్ నొక్కితే నీలి వెలుగుతో గుయ్యిమనే పిల్లల ప్లాస్టిక్ బొమ్మ మొదలుకొని, పరిమిత సంఖ్యలో తయారుచేసి ధ్రువపత్రంతో సహా అమ్మే ఖరీదైన వస్తువు దాకా అన్నీ దొరుకుతాయి. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది ఈ రెండింటికీ మధ్యలో ఉండే మూడో రకం. ఇది విడిభాగాలుగా వచ్చే కిట్. నికెల్ పూత వేసిన ఇత్తడి గొట్టాలు రెండు, వాటిని కలిపి బిగించే మీట ఉన్న క్లాంపు, ఎర్ర బటన్, నల్లటి పట్టీలు ఏడు, పారదర్శకమైన బుడగల పట్టీ ఒకటి, సర్క్యూట్ బోర్డు ముక్క ఒకటి, అడుగున బిగించే డి ఆకారపు రింగు, కొన్ని స్క్రూలు, ఒక స్టిక్కర్ల కాగితం ఇందులో ఉంటాయి. విదేశంలోని ఒక చిన్న వర్క్‌షాపు దీనిని తయారుచేస్తుంది. ఇటువంటి కిట్లు చేసేవారు కొద్దిమందే, వారి వస్తువుల మధ్య పోలికలే ఎక్కువ కనుక, తయారీదారు పేరు చెప్పడం కన్నా వస్తువులో ఏమేమి చూసుకోవాలో చెప్పడమే కొనేవారికి ఉపయోగమని నా అభిప్రాయం.

ఈ పిడి ఎలా పుట్టిందో తెలియకపోతే కిట్ మంచిచెడ్డలు తేల్చడం కష్టం. 1977లో విడుదలైన ఆ చిత్రానికి సెట్ డెకరేటర్‌గా పనిచేసిన రోజర్ క్రిస్టియన్ దగ్గర డబ్బు తక్కువ, తయారుచేయవలసిన వస్తువులు మాత్రం లెక్కకు మిక్కిలి. ఆయన విమానాల తుక్కును కొని తెప్పించి అంతరిక్ష నౌకల లోపలి గోడలను దానితో నింపాడు. లైట్‌సేబర్ విషయంలోనూ అదే దారి పట్టాడు. లండన్‌లో ఫోటోగ్రఫీ సామగ్రి అమ్మే ఒక దుకాణంలో, ఎవరూ పట్టించుకోని పెట్టెలో, పాత కెమెరా ఫ్లాష్ హ్యాండిళ్లు ఆయన కంటపడ్డాయి. వాటిలో ఒకదాని కింది సగం చుట్టూ, అలమరా తలుపులకు వాడే టీ ఆకారపు నల్లటి పట్టీని ముక్కలు కోసి సూపర్‌గ్లూతో అంటించాడు. ఒక పాకెట్ కాలిక్యులేటర్ నుంచి ఊడదీసిన బుడగల పట్టీని క్లాంపు దగ్గర అమర్చాడు. నడుముకు తగిలించుకోవడానికి అడుగున రింగు చేరింది. సినిమా చరిత్రలో అతి ప్రసిద్ధమైన ఆయుధానికి పడిన శ్రమ దాదాపు ఇంతే. ఆ చిత్రానికి వచ్చిన కళాదర్శకత్వపు ఆస్కార్‌ను పంచుకున్న నలుగురిలో క్రిస్టియన్ కూడా ఒకరు.

ఆ ఫ్లాష్ హ్యాండిల్ అమెరికాలోని రోచెస్టర్ నగరంలో గ్రాఫ్లెక్స్ కంపెనీ తయారుచేసినది. పత్రికా ఛాయాగ్రాహకులు వాడిన స్పీడ్ గ్రాఫిక్ అనే పెద్ద కెమెరా పక్కన దీనిని బిగించేవారు. 1945లో ఇవో జిమా దీవిలో అమెరికన్ సైనికులు జెండా పాతుతున్న ఫోటో ఆ రకపు కెమెరాతోనే తీశారు. హ్యాండిల్ లోపల టార్చిలైటులో వేసే పెద్ద సైజు సెల్లు మూడు ఒకదానిపై ఒకటి నిలబడతాయి. పైన గిన్నె ఆకారపు రిఫ్లెక్టరు, అందులో ఒక్కసారి మండి మాడిపోయే బల్బు ఉంటాయి. ఎర్ర బటన్ నొక్కితే బల్బు వెలుగుతుంది. అంటే, పిడి మీద కనిపించే ప్రతి బటన్‌కూ ప్రతి చిల్లుకూ ఒకప్పుడు నిజమైన పని ఉండేది. తెర మీద ఆ వస్తువు నమ్మదగినదిగా కనిపించడానికి కారణం ఇదే. ఎవరో కూర్చుని భవిష్యత్తు ఇలా ఉంటుందని ఊహించి గీసిన బొమ్మ కాదది, ఒక ఇంజనీరు చేతికి పట్టు దొరకాలని, సెల్లు తేలికగా మార్చుకోవాలని ఆలోచించి చేసిన పనిముట్టు.

కనుక ఈ కిట్‌ను కొలవడానికి నేను పెట్టుకున్న గీటురాయి ఒక్కటే: ఇది ముందు ఫ్లాష్ హ్యాండిల్‌గా నిలబడుతుందా, లేదా? అలా నిలబడితేనే పట్టీలు అంటించాక లైట్‌సేబర్ అవుతుంది. నిలబడకపోతే ఎంత మెరిసినా అది బొమ్మే.

ఈ పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు. కిరాణా కొట్టులో దొరికే పెద్ద టార్చి సెల్లు మూడు తెచ్చి లోపలికి జారవిడిస్తే చాలు. ఆ సెల్లు వ్యాసం దాదాపు 34 మిల్లీమీటర్లు. గొట్టం లోపలి కొలత సరిగ్గా ఉంటే సెల్లు ఎక్కడా ఇరుక్కోకుండా, అలాగని గడగడమనకుండా, మెల్లగా జారి అడుగుకు చేరుతాయి. ఈ కిట్‌లో అవి అలాగే జారాయి. మూతి దగ్గర చిన్న గరుకు తగిలింది గానీ సన్న ఎమరీ కాగితంతో ఒకసారి లోపల తిప్పితే పోయింది. మూడు సెల్లు పడ్డాక పై గొట్టం కలిపి చేతిలోకి తీసుకుంటే, బరువు ఒక్కసారిగా వెనక్కి చేరి, పిడి పట్టుకోవడానికి ఎందుకంత వీలుగా ఉంటుందో అర్థమవుతుంది. చవక కిట్లలో గొట్టాన్ని అల్యూమినియంతో చేస్తారు. చూడటానికి తేడా పెద్దగా కనబడదు. చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం తేలిపోతున్నట్టుంటుంది.

పై భాగపు పని కూడా శ్రద్ధగానే ఉంది. బల్బు కూర్చునే మూతి పక్కన రిఫ్లెక్టరును పట్టుకోవడానికి నిలబడి ఉండే రెండు రేకులను అభిమానులు కుందేలు చెవులంటారు. అవి వంకర లేకుండా, ఒకే ఎత్తులో వచ్చాయి. ఎర్ర బటన్ నొక్కితే లోపలికి దిగి స్ప్రింగుతో వెనక్కి వస్తుంది, రంగు మాత్రం కాస్త నారింజ వైపు మొగ్గింది. అడుగున తయారీదారు పేరు, ఊరి పేరు ఉన్న అచ్చు పాత ఫ్లాష్‌లలో లోహాన్ని నొక్కి వేసినది. ఇక్కడ లేజరుతో చెక్కారు. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు గానీ, వేలి కొసతో తడిమితే నొక్కిన అక్షరం అంచు మెత్తగా తగులుతుంది, చెక్కినదాని అంచు గీరుకున్నట్టుంటుంది. నికెల్ పూత అంతటా సమానంగా, పలచగా, లేత పసుపు ఛాయతో ఉంది. క్రోమియం పూతకుండే నీలిఛాయ దీనికి లేదు. నాకు ఈ ఛాయే నచ్చింది.

నా ఫిర్యాదు క్లాంపు గురించి. రెండు గొట్టాలనూ కలిపి పట్టుకునేది ఇదే. మీటను మడిస్తే బిగుసుకుని, లేపితే వదులవ్వాలి. నాకు వచ్చిన క్లాంపులో మీట దగ్గరి స్క్రూ మర మెత్తటి లోహంలో కోసినది కావడం వల్ల, బిగించేటప్పుడు పట్టు చిక్కకుండా ఊరికే తిరిగిపోయింది. అమ్మినవారికి ఫోటోలతో రాస్తే, చాలా ఆలస్యంగా, అదనపు స్క్రూ పంపగలమన్న జవాబు మాత్రం వచ్చింది. సమస్య స్క్రూలో కాదు, మరలో ఉంది. గాజువాక ఆటోనగర్‌లో ఒక లేత్ పనివాడి దగ్గరకు తీసుకెళితే, అతను ఆ చిల్లును కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, దానికి సరిపోయే స్టీలు స్క్రూ వేసిచ్చాడు. “ఏం పైపు సార్ ఇది, స్ప్రేయరుదా?” అని అడిగాడు. కెమెరాదని చెబితే నమ్మలేదు. అతను తీసుకున్న డబ్బులు కిట్ ధరలో వందో వంతు కూడా ఉండవు. ఇంత ఖరీదు పెట్టి కొన్నవారు లేత్ దుకాణం చుట్టూ తిరగవలసి రావడం మాత్రం న్యాయం కాదు.

ఇక కూర్చే పని. ఇందులో ఎక్కువ సమయం, ఎక్కువ ఆలోచన కోరేవి నల్లటి పట్టీలే. కిట్‌తో వచ్చిన ఏడు ముక్కలూ ఒకే పొడవున, చివరలు ఒకే వాలుతో యంత్రం మీద కోసినవి. వెనుక రెండువైపులా అంటుకునే టేపు ముందే అతికించి ఉంటుంది. కాగితం ఊడదీసి అంటించండి అన్నంతవరకే సూచనల పత్రం చెబుతుంది. ఇందులో నాకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది వాతావరణం. ఏప్రిల్, మే నెలల్లో విశాఖపట్నంలో గాలిలోని తేమకు, మధ్యాహ్నపు వేడికి ఆ టేపు జిగురు మెత్తబడి, పట్టీ ఒక కొస నుంచి లేస్తుంది. రెండోది చూపు. సినిమా కోసం చేసిన పిడి మీద పట్టీలు చేత్తో కోసి, అందాజుగా ఎడం పెట్టి అంటించినవి. ఛాయాచిత్రాల్లో పరిశీలనగా చూస్తే ఒకదానికీ మరొకదానికీ మధ్య ఎడం సమానంగా ఉండదు. యంత్రం కోసిన పట్టీలను కొలబద్ద పెట్టి అంటిస్తే వస్తువు నీటుగా ఉంటుంది గానీ, ఆ నీటుదనమే దానిని దుకాణం సరుకులా చేస్తుంది.

నా సలహా ఏమిటంటే, కిట్‌లోని పట్టీలను కొలతల కోసం నమూనాగా ఉంచుకుని, అసలు పట్టీలను బయట కొనుక్కోవాలి. ప్లైవుడ్, ఫర్నిచర్ సామాన్లు అమ్మే దుకాణంలో టేబుల్ అంచులకు వేసే టీ బీడింగ్ అని అడిగితే నల్లరంగు పీవీసీ పట్టీ మీటరు లెక్కన ఇస్తారు. అందులో వెడల్పు దగ్గరగా ఉన్నది ఎంచుకుని, వెనుక ఉండే కాడను పదునైన బ్లేడుతో పూర్తిగా చెక్కేసి, చదునైన వైపు సన్న ఎమరీ కాగితంతో గరుకు చేయాలి. గొట్టానికి జిగురు పట్టాలంటే నికెల్ మీద కూడా గరుకు కావాలి. పట్టీ కూర్చునే చోటు దాటి గీత పడకుండా, మాస్కింగ్ టేపుతో చుట్టూ హద్దు కట్టి, ఆ లోపల మాత్రమే రుద్దాలి. ఆ తరువాత స్పిరిట్‌తో తుడిచి, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురును పలచగా రాసి, పట్టీని నొక్కి, సైకిల్ ట్యూబు ముక్కను చుట్టుకట్టి రాత్రంతా వదిలేయాలి. క్రిస్టియన్ సూపర్‌గ్లూ వాడాడు కదా, మనమూ అదే వాడదామన్న ఉత్సాహం సహజమే. ఆయనకు షూటింగు ముగిసేదాకా నిలిస్తే చాలు. అంతేకాక, సూపర్‌గ్లూ ఆరేటప్పుడు వెలువడే ఆవిరి చుట్టుపక్కల మెరుపు లోహం మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. గాలి ఆడని గదిలో, తేమ ఎక్కువున్న రోజున ఇది మరీ ఎక్కువ.

బుడగల పట్టీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కిట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అదే. 1970ల పాకెట్ కాలిక్యులేటర్లలో ఎర్రటి ఎల్ఈడీ అంకెలు చాలా చిన్నవిగా ఉండేవి. విద్యుత్తు ఆదా కోసం అలా చేసేవారు. కంటికి ఆనాలంటే వాటిని పెద్దవి చేసి చూపించాలి. అందుకని ఒక్కో అంకె మీద ఒక్కో కుంభాకారపు కటకం వచ్చేలా, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ ఒకటి పోతపోసి తెర పైన అమర్చేవారు. క్రిస్టియన్ ఊడదీసింది ఆ పట్టీనే. కిట్‌లో ఇచ్చినది అదే తీరులో పోతపోసిన రెజిన్ ముక్క. ఇందులో గాలిబుడగలు చిక్కుకోలేదు, అంచుల్లో పసుపు ఛాయ లేదు. క్లాంపు మీట కింద దానిని కూర్చోబెట్టి కిటికీ వైపు తిప్పితే, ఒక్కో బుడగలో కిటికీ మొత్తం తలకిందులుగా, చువ్వలతో సహా, గోరంత బొమ్మలై వరుసగా కనిపిస్తుంది. ఈ ముక్కకు జిగురు అక్కర్లేదు. అంచులు చక్కగా రుద్ది సరిపెట్టుకుంటే క్లాంపు దానిని పట్టి ఉంచుతుంది. 1980లో వచ్చిన రెండో చిత్రంలో ఇదే స్థానంలో బుడగలకు బదులు సర్క్యూట్ బోర్డు ముక్క కనిపిస్తుంది. కిట్‌లో రెండూ ఇచ్చారు కనుక ఎవరికి ఏ చిత్రం ఇష్టమైతే అది పెట్టుకోవచ్చు, అప్పుడప్పుడు మార్చుకోవచ్చు కూడా. రెండూ ఒకేసారి ఇరికించాలని చూసేవారిని నేను చూశాను. వారితో వాదన అనవసరం.

స్టిక్కర్ల కాగితాన్ని తీసి పక్కన పెట్టేయవచ్చు. గీతలు, మరకలు, తుప్పు ఛాయలు అచ్చువేసిన ఆ స్టిక్కర్లు పాతదనం తెప్పించడానికట. పాతదనం కావాలనుకుంటే నాలుగు నెలలు చేత్తో తీసి చూపించండి, అదే వస్తుంది.

కొంత అదనపు సొమ్ము చెల్లిస్తే, ఇదే పిడి లోపల కూర్చునే ఎలక్ట్రానిక్ గుండెకాయను కూడా ఆ వర్క్‌షాపు అమ్ముతుంది. పాలికార్బొనేట్ గొట్టంలో ఎల్ఈడీల వరుస, చలనాన్ని పసిగట్టి మోగే సౌండ్ బోర్డు, లిథియం సెల్లు ఇందులో ఉంటాయి. నేను తీసుకోలేదు, తీసుకోవద్దనే చెబుతాను. లిథియం సెల్లు విమానంలో పంపడానికి ఉన్న ఆంక్షల వల్ల పార్సిల్ ఆలస్యం కావడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, మొదటి చిత్రపు పిడిలో వెలుగు లేనే లేదు. 1977 చిత్రంలో పిడి నుంచి బయటికి వచ్చింది ఒక కర్ర. రాత్రిపూట హెడ్‌లైట్ల వెలుగు పడగానే మెరిసే రోడ్డు సూచికల మీద ఉండేలాంటి ప్రతిఫలన పొరను దానికి చుట్టి, కొన్ని షాట్లలో మోటారుతో తిప్పుతూ కెమెరా పక్క నుంచి కాంతి వేశారు. ఆ మెరుపు చాలక, తరువాత ఒక్కో ఫ్రేము మీద వెలుగును గీసి చేర్చారు. గుయ్యిమనే ధ్వని కూడా యంత్రం నుంచి పుట్టినదే. ఆ చిత్రానికి ధ్వనులు రూపొందించిన బెన్ బర్ట్ ఒక పాత ప్రొజెక్టరు మోటారు హోరును, టీవీ తెర దగ్గర మైకు పట్టినప్పుడు వచ్చిన రొదను కలిపి దానిని తయారుచేశాడు. ఇంట్లో అలంకరించుకునే పిడికి ఇవేవీ అవసరం లేదు. వెలుగు, చప్పుడు కావాలనుకునే పిల్లలకు, పిల్లల్లాంటి పెద్దలకు వేరే చవక వస్తువులున్నాయి. పడినా పగిలినా బాధ ఉండదు.

అసలైన పాత ఫ్లాష్‌నే కొనవచ్చు కదా అన్న ప్రశ్న రావచ్చు. కొనవచ్చు. అయితే సినిమా అభిమానులు ఎగబడి కొనడంతో వాటి ధర ఆకాశానికి అంటింది, స్పీడ్ గ్రాఫిక్ కెమెరాలను ఇప్పటికీ ప్రేమగా వాడేవారికి, సేకరించేవారికి ఫ్లాష్ దొరకడం గగనమైంది. పనిచేయగల ఒక పాత పరికరానికి గరుకు పెట్టి, చిల్లు పొడిచి, పట్టీలు అంటించడం నా మనసుకు పట్టలేదు. రెప్లికా కిట్లు వచ్చాక ఆ ఒత్తిడి కొంతైనా తగ్గుతుంది కనుక, ఈ ఒక్క కారణానికైనా వాటిని సమర్థిస్తాను. ఇతర పాత్రల పిడులు చేయదలచినవారికి ఈ సౌకర్యం అంత సులువుగా దొరకదు. ల్యూక్ గురువు ఓబీ-వాన్ పిడిలో రోల్స్ రాయిస్ డెర్వెంట్ జెట్ ఇంజను గొట్టం ఒకటి, నీళ్ల కుళాయి పిడి ఒకటి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ గ్రెనేడు భాగం ఒకటి కలిసి ఉన్నాయి. ప్రతినాయకుడు డార్త్ వేడర్‌ది ఎంపీపీ అనే బ్రిటిష్ కంపెనీ ఫ్లాష్. గ్రెనేడు ఆకారంలో ఉన్నదేదైనా కస్టమ్స్ స్కానరులో కనబడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మొదటిసారి కూర్చేవారు గ్రాఫ్లెక్స్‌తోనే మొదలుపెట్టడం మేలు.

దిగుమతి గురించి రెండు మాటలు. వ్యక్తిగత వాడకానికి తెప్పించుకునే పార్సిలైనా కొరియరు సంస్థ గుర్తింపు పత్రాలు అడుగుతుంది, ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. వస్తువు వివరంలో ఆయుధం, ఖడ్గం, సేబర్ వంటి మాటలు లేకుండా, ‘అలంకరణకు ఉద్దేశించిన ఇత్తడి ఫ్లాష్ హ్యాండిల్ నమూనా’ అని రాయమని అమ్మేవారిని అడగండి. అది అబద్ధం కాదు, వస్తువు నిజంగా అదే. సుంకం, కొరియరు ఖర్చు కలుపుకుని నాకు పాతిక వేల రూపాయలకు కాస్త తక్కువ అయింది. పెట్టె లోపల నురుగు అచ్చులో భాగాలన్నీ విడివిడిగా కదలకుండా ఉన్నాయి. ప్యాకింగు విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

కూర్చడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం మరొక ఎత్తు. కిట్‌తో పాటు నల్ల అక్రిలిక్ స్టాండు ఇస్తారు. రెండు వీ ఆకారపు కాళ్లు, వాటి మీద పిడి అడ్డంగా పడుకుంటుంది. చూడటానికి పరవాలేదు గానీ, మూడు సెల్లు లోపల ఉంటే బరువు ఒక వైపు చేరి, పక్కనే తలుపు గట్టిగా వేసినా దొర్లే ప్రమాదం ఉంది. స్టాండు వాడేటట్లయితే సెల్లు తీసేయండి. ఏళ్ల తరబడి లోపల ఉంచిన సెల్లు కారి, ఇత్తడిని తినేయగలవు కనుక ఎలాగూ తీయడమే మంచిది. అడ్డంగా కాక నిలువుగా, మూతి పైకి ఉండేలా నిలబెడితే ఫ్లాష్‌లా కనబడుతుంది. రింగు మేకుకు తగిలించి వేలాడదీస్తే లైట్‌సేబర్‌లా కనబడుతుంది. రెండోదే నా ఎంపిక. గోడకు బిగించిన గాజు తలుపుల అర లోపల చిన్న ఇత్తడి కొక్కెం వేయించి, దానికి తగిలించాను.

అర చేయించేటప్పుడు చెక్క విషయంలో జాగ్రత్త అవసరం. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలకల నుంచి, కొత్త ప్లైవుడ్ నుంచి నెలల తరబడి ఆమ్ల గుణం ఉన్న ఆవిరి వెలువడుతుంది. మూసి ఉన్న పెట్టెలో అది లోహపు పూతను మసకబారుస్తుంది. మ్యూజియంలలో ప్రదర్శన పెట్టెలకు వీటిని వాడకపోవడానికి కారణం ఇదే. రబ్బరు, ఉన్ని ఫెల్ట్ కూడా అంతే, వాటిలోని గంధకం లోహానికి పడదు. అడుగున పరచడానికి నూలు గుడ్డ చాలు. అరను గాజు, పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియంతో చేయిస్తే చింత లేదు. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో కిటికీ ఊచలే రెండు వర్షాకాలాలకు పొలుసులు రాలుతాయి, నికెల్ పూత ఎంత పలచనిదో వేరే చెప్పనక్కరలేదు. పూతలో కంటికి కనబడని సూది రంధ్రం ఒక్కటున్నా ఉప్పు తేమ దానిగుండా ఇత్తడిని చేరి, ఆకుపచ్చ చుక్కగా బయటపడుతుంది. అరలో ఒక మూల సిలికా జెల్ సంచి పెట్టి, రంగు మారే గుళికలు తేమ పట్టినప్పుడల్లా వేడిచేసి మళ్లీ పెట్టుకోవాలి. పిడిని ఒట్టి చేత్తో పట్టుకున్న ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవాలి. చెమటలోని ఉప్పుకు, సముద్రపు ఉప్పుకు లోహం తేడా చూపించదు. మెరుపు తెప్పించే పాలిష్ పేస్టులు వాడకండి. ఇత్తడి దీపపు కుందుల కోసం ఇంట్లో ఉండే డబ్బాలో గరుకు పొడి ఉంటుంది, ఆ పలచటి నికెల్ పొర దానికి ఎన్నో రోజులు ఆగదు.

వెలుగు కూడా ముఖ్యమే. అర పైకప్పులో ఒకే ఒక తెల్ల ఎల్ఈడీ పట్టీ వేస్తే గొట్టం మీద ఒక పొడవాటి తెల్లటి గీత పడి మిగతాదంతా చీకటవుతుంది. గుండ్రని మెరుపు వస్తువుకు వెలుగు పక్క నుంచి, మసక గాజు గుండా పడాలి. వెనుక నల్లటి గోడ పెడితే నల్ల పట్టీలు అందులో కలిసిపోతాయి. లేత బూడిద రంగు వేయించాను. పట్టీల అంచులు, మధ్యనున్న ఎడాలు, బుడగల వరుస విడివిడిగా కనబడుతున్నాయి. వేడెక్కే హాలోజన్ దీపాలు వద్దు. ఎపాక్సీ తట్టుకున్నా పీవీసీ పట్టీ తట్టుకోదు.

దసరా నాటి సంగతి ఒకటి చెప్పి తీరాలి. ఆయుధపూజ రోజున మా అమ్మ స్కూటరు, కుట్టుమిషను, కంప్యూటరుతో పాటు దీనికీ తడి కుంకుమ బొట్టు పెట్టింది. “కత్తి అన్నావు కదరా, మరి పూజ వద్దా?” అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. బొట్టును ఆ సాయంత్రమే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను, మచ్చ పడలేదు. మరుసటి ఏడాది నుంచి గాజు తలుపు మీద బొట్టు పెట్టేందుకు ఆవిడ ఒప్పుకుంది.

ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు? స్క్రూడ్రైవరు, బ్లేడు, ఎమరీ కాగితం పట్టడానికి వెనుకాడనివారు, ఊళ్లో ఒక లేత్ పనివాడు తెలిసినవారు ఈ ధరకు విలువైన వస్తువునే పొందుతారు. పెట్టె తెరిచి అలమరాలో పెట్టేస్తే చాలనుకునేవారికి క్లాంపు విసుగు పుట్టిస్తుంది, పూర్తిగా కూర్చి అమ్మేది కొనుక్కోవడమే వారికి నయం. ఆర్డరు పెట్టే ముందు అమ్మేవారిని రెండు ప్రశ్నలు అడగండి. గొట్టం ఇత్తడిదా, అల్యూమినియందా? క్లాంపు స్క్రూ మర ఏ లోహంలో కోశారు? రెండో ప్రశ్నకు స్టీలు అన్న జవాబు రాకపోతే, క్లాంపు లేకుండా ధర తగ్గించి ఇస్తారేమో కనుక్కుని, దానిని ఇక్కడే చేయించుకోండి. నా కిట్‌కు క్లాంపు బాగుచేసిన ఆటోనగర్ లేత్ అతను, కొలతలు ఇస్తే స్టీలు మర వేసి కొత్తది చేసిపెడతానన్నాడు. రెండో పిడికి అతనితోనే చేయిస్తున్నాను.